కట్టుకు నాలుగు బొందులు

సాయంత్రం ఆరవుతోందంటే ఆ ఇంట్లో పెద్దావిడకు దిగులు మొదలయ్యేది. ఎదురుగా టీవీలో ఆవిడకు ఇష్టమైన సీరియల్ నడుస్తూనే ఉండేది గానీ చెవులు మాత్రం వంటింటి వైపు. స్టీలు పళ్లెంలో కత్తెర పెట్టిన చప్పుడు. గాజుగుడ్డ పొట్లం చింపిన చప్పుడు. ఆ తర్వాత కుళాయి కింద కోడలు చేతులు కడుక్కుంటున్న చప్పుడు. అప్పటికే ఆవిడ ఒళ్లంతా బిగుసుకుపోయేది.

''ఈ పూటకు వదిలెయ్యవే అమ్మాయ్. పొద్దున కట్టిందే బాగుంది. తడి కూడా లేదు.''

''రెండు పూటలా మార్చమన్నారు కదత్తయ్యా. ఒక్క ఐదు నిమిషాలు ఓర్చుకోండి.''

ఐదు నిమిషాలు... చెప్పడానికేం, ఎంతసేపు!

ఆవిడకు 74 ఏళ్లు. తెనాలిలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటారు. పదిహేనేళ్లుగా షుగరు. ఎప్పటిదో హెర్నియా, ఆపరేషన్ ఎందుకులే అని వాయిదా వేస్తూ వచ్చింది కాస్తా ఓ రాత్రి పేగు ఇరుక్కుని మెలిపెట్టింది. అప్పటికప్పుడు గుంటూరు తీసుకెళ్లి పొట్ట కోయాల్సి వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ వారం తిరక్కుండా కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టింది. డాక్టరు కింది వైపు నాలుగు కుట్లు విప్పేసి, చీము తీసి శుభ్రం చేసి, గాయాన్ని అలాగే తెరిచి ఉంచారు. మళ్లీ కుట్టెయ్యరా అని కొడుకు కంగారు పడ్డాడు. ''పైన మూసేస్తే చీము లోపలే ఉండిపోతుంది. చెరువు నిండినట్టు అడుగు నుంచి కండ పెరుగుతూ పైకి రావాలి. కొన్ని వారాలు పడుతుంది. షుగరు అదుపులో పెట్టండి, రోజుకు రెండుసార్లు కట్టు మార్చండి'' అని చెప్పి ఇంటికి పంపారు.

మూడంగుళాల పొడవు, వేలి కణుపంత లోతు ఉన్న గాయం. సెలైన్‌లో తడిపి పిండిన గాజుగుడ్డను అందులో కుక్కకుండా వదులుగా సర్దాలి. దాని మీద పొడి గాజుగుడ్డ, ఆపైన దూది పెట్టిన ప్యాడు. అదంతా జారిపోకుండా చుట్టూ నాలుగు ప్లాస్టరు పట్టీలు. కొడుకు మొదటి రోజే గుమ్మం దగ్గర ఆగిపోయి ''నేను చూడలేనే'' అన్నాడు. ఈ ఒక్క మాటతో మన మగవాళ్లు ఎన్ని పనులు తప్పించుకుంటారో! కాబట్టి పని కోడలి మీద పడింది. స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, ఇంజక్షన్ సూది కూడా సరిగ్గా చూసెరగదు. అయినా నేర్చుకుంది. గాయం శుభ్రం చెయ్యడం నేర్చుకుంది, గాజుగుడ్డ సర్దడం నేర్చుకుంది. వాటితో ఏ ఇబ్బందీ రాలేదు. చిత్రమేమిటంటే గాయాన్ని తాకినప్పుడు అత్తగారు పెద్దగా బాధపడేది కాదు. ప్లాస్టరు అంచు గోటితో పట్టుకోగానే మాత్రం ''అమ్మో'' అని పక్క పట్టీ పట్టుకునేది.

లెక్కల టీచరు కదా, ఓ రోజు లెక్కేసింది. కట్టుకు నాలుగు ప్లాస్టర్లు. రోజుకు ఎనిమిది. వారానికి 56. మూడు వారాలయ్యేసరికి 168 సార్లు అదే పొట్ట మీద, అదే చోట అంటించి పీకింది. సిమెంటు గోడ మీద సినిమా పోస్టర్ అన్నిసార్లు అంటించి లాగితే సున్నం పెచ్చులూడుతుంది. అది డెబ్భై నాలుగేళ్ల చర్మం!

అలాగే ఊడింది కూడా. మొదట ఎర్రటి చారలు. తర్వాత ప్లాస్టరు చివర్ల దగ్గర చిన్న చిన్న నీటి బొబ్బలు. ఓ సాయంత్రం ప్లాస్టరుతో పాటు రూపాయి బిళ్లంత చర్మం పలచటి పొరలా లేచి వచ్చేసింది. పెద్దావిడ కేక పెట్టలేదు, కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగిపోయింది. కోడలు ఆ రాత్రి పెరట్లో బట్టలు ఆరేసే తీగ దగ్గర నిలబడి ఒక్కతే ఏడ్చింది. మర్నాడు కొత్త ప్లాస్టరును కాస్త జరిపి వేసింది. అక్కడా లేచింది. అసలు గాయం ఒకటైతే దాని చుట్టూ నాలుగు పిల్ల గాయాలు. అసలు గాయం లోపల గులాబీ రంగు కండ చక్కగా పెరుగుతోంది. మానుతున్న గాయం పక్కనే, మాననీయడం కోసం కట్టిన కట్టే కొత్త గాయాలు పెడుతోంది.

ఆ తర్వాతే అబద్ధాలు మొదలయ్యాయి. కోడలు స్కూలు నుంచి వచ్చేసరికి ''మధ్యాహ్నం నర్సమ్మ వచ్చి మార్చింది'' అనేది పెద్దావిడ. ఏ నర్సమ్మా రాలేదు. ఒకసారి ఒళ్లు వెచ్చగా ఉందనీ, ఒకసారి తలనొప్పనీ, ఒకసారి శుక్రవారమనీ... అలా రెండు రోజులు కట్టు మారలేదు. మూడో రోజు మనవరాలు పక్కన పడుకోబోయి ''నానమ్మా, ఏదో వాసన'' అంది. విప్పి చూస్తే ప్యాడంతా పచ్చగా తడిసిపోయింది. జ్వరం నూటొకటి.

గుంటూరు పరుగెత్తారు. అదృష్టం, పెద్ద ప్రమాదం కాలేదు. మందులు మార్చి, గాయం కడిగి డాక్టరు ఒక్క మాటన్నారు. ''గాయం దారిలోనే ఉంది. ఆ చుట్టుపక్కల చర్మం చూసుకోండి. కట్టు నిలబెట్టడానికి వేరే పద్ధతి వాడండి.'' వేరే పద్ధతి అంటే ఏమిటో వివరించే తీరిక ఆయనకు లేదు. బయట ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు.

ఆ వివరం చెప్పింది వెనక వీధిలో ఉండే రిటైర్డు సిస్టరు గారు. ప్రభుత్వాసుపత్రుల్లో ముప్ఫై ఏళ్లకు పైగా సర్జరీ వార్డుల్లో చేసిన మనిషి. కళ్లజోడు పెట్టుకుని పొట్ట మీద ఆ చారలన్నీ చూసి, ముందు పెద్దావిడ తల నిమిరి, తర్వాత కోడలి వైపు తిరిగారు.

''కట్టు రోజూ మారాలమ్మా. ప్లాస్టరు రోజూ మారాలని ఎవరు చెప్పారు?''

ఇంట్లో ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. కట్టు అంటే గాజుగుడ్డా ప్లాస్టరూ కలిపి ఒకటేననుకున్నారు అందరూ. రెండూ వేరని ఎవరికీ తట్టలేదు!

సిస్టరు గారు వెడల్పాటి ప్లాస్టరు తెప్పించారు. జానెడేసి ముక్కలు నాలుగు కత్తిరించారు. ఒక్కో ముక్క చివర రెండంగుళాల మేర జిగురు వైపు లోపలికి మడిచి అంటించేశారు. ఇప్పుడు ఆ చివర అంటుకోదు, బట్ట ముక్కలా వదులుగా ఉంటుంది. ఆ మడత మధ్యలో చిన్న కంత చేశారు. గాయానికి కుడి పక్కన రెండు, ఎడమ పక్కన రెండు, చర్మం బాగున్న చోటు చూసి, మడత వైపు గాయానికి వచ్చేట్టు అంటించారు. అంటించేటప్పుడు లాగి పట్టలేదు, ఊరికే పరిచి అరచేత్తో కాసేపు అదిమి పట్టారు. తర్వాత కొత్త లంగా బొందు ఒకటి తీసుకుని ముక్కలు చేసి, ఆ కంతల్లోంచి దూర్చి, గాయం మీద కొత్త గాజుగుడ్డా ప్యాడూ పెట్టి, ఈ పక్క బొందునూ ఆ పక్క బొందునూ కలిపి ప్యాడు మీద ముడి వేశారు. పిల్లల బూటు లేసుకు వేసే పువ్వు ముడి! అంతే.

''రేపు పొద్దున బొందు విప్పు. ప్యాడు తీసెయ్యి. గాయం కడుగు. కొత్త ప్యాడు పెట్టు. మళ్లీ బొందు కట్టు. ప్లాస్టరు జోలికి పోకు. అంచులు లేచినా, తడిసినా, మురికైనా అప్పుడు తీసి కొత్తవి వెయ్యి. లేకపోతే రెండు మూడు రోజులు దానిమానాన దాన్ని ఉండనియ్యి.''

లెక్కల టీచరు మళ్లీ లెక్కేసుకుంది. వారానికి 56 సార్లు పీకేది ఇప్పుడు పద్నాలుగు సార్లకు మించదు.

ఆస్పత్రి భాషలో వీటిని మాంట్‌గోమరీ స్ట్రాప్స్ అంటారు. పొట్ట మీద పెద్ద కోత ఉండి, ఊరిక ఊరికే కట్టు మార్చాల్సిన వాళ్ల కోసం పుట్టిన పద్ధతి ఇది. వార్డుల్లో పాత సిస్టర్లు చేత్తోనే చేసుకునేవారు. ఇప్పుడు వీటిని కంతలూ జిగురూ అన్నీ సిద్ధంగా అమర్చి, వాడి పారేసేట్టు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. బొందులతోనే కాదు, అంటుకుని ఊడే వెల్క్రో పట్టీలతోనూ కొన్ని వస్తున్నాయి. అన్నింటిదీ ఒకటే కిటుకు. చర్మానికి అంటుకునే భాగం ఒకటి, తెరిచి మూసే భాగం ఒకటి. తలుపు తియ్యాల్సినప్పుడల్లా గుమ్మం పెకలించక్కర్లేదు కదా!

ముసలివాళ్ల చర్మం అంత తేలిగ్గా ఎందుకు ఊడుతుందో కూడా సిస్టరు గారే చూపించారు. చర్మంలో పై పొర, కింది పొర అని రెండుంటాయి. వయసులో ఉన్నప్పుడు ఆ రెండూ, రెండు చేతుల వేళ్లు ఒకదాన్లో ఒకటి దూర్చి పట్టుకున్నట్టు ఎగుడుదిగుళ్లతో అల్లుకుని ఉంటాయి. ఎంత లాగినా తేలిగ్గా విడిపోవు. వయసు మీద పడేకొద్దీ ఆ ఎగుడుదిగుళ్లు చదునైపోతాయి. ఇక అది ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి ఊరికే ఆనించినట్టు. కాస్త పక్కకు ఒరిపిడి తగిలినా పై పొర జారి లేచిపోతుంది. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మందులు వాడినవాళ్లదీ ఇదే సంగతి. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లలకైతే ఆ పట్టు ఇంకా ఏర్పడే ఉండదు. ఇక ప్లాస్టరును సాగదీసి అంటిస్తే అది మళ్లీ ముడుచుకోవడానికి చూస్తుంది. పొట్ట ఉబ్బినా, పక్కకు ఒత్తిగిల్లినా చర్మాన్ని తనతో లాగుతుంది. ప్లాస్టరు చివర్ల దగ్గర పొక్కిన నీటి బొబ్బలకు కారణం అదే. జిగురు పడకపోవడం కాదు, లాగి వెయ్యడం.

ఈ దెబ్బలకు వైద్యంలోనూ చాలాకాలం సరైన పేరు లేదు. 'ప్లాస్టరు పడలేదు' అనో, 'ఎలర్జీ' అనో రాసి వదిలేసేవారు. 2013లో అమెరికాలో గాయాల నిపుణులు కొందరు కూర్చుని ఒక పత్రం ప్రచురించారు. వైద్యంలో వాడే జిగురు పట్టీల వల్ల చర్మానికి కలిగే గాయం అని దానికో పేరు పెట్టి, ఓ కొండగుర్తు కూడా చెప్పారు. ప్లాస్టరు తీసి అరగంట దాటినా అక్కడ ఎరుపో, బొబ్బో, చిరుగో అలాగే ఉందంటే అది మామూలు మంట కాదు, గాయమే. ఇంట్లో గడియారం చూసి తెలుసుకోగలిగిన సంగతి. తెనాలిలో ఆ ఇంట్లో ఎరుపు అరగంట కాదు, పూట దాటినా తగ్గేది కాదు.

ఇదేమీ కొత్త తలనొప్పి కాదు. గాయానికి మందెంత పాతదో దాన్ని నిలబెట్టే తిప్పలూ అంత పాతవి. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 18వ అధ్యాయం అచ్చంగా పూతల గురించీ కట్ల గురించే. అందులో 14 రకాల కట్లున్నాయి. వేళ్లకు తొడుగులాంటి కోశ, కీళ్లకు అడ్డంగా తిప్పే స్వస్తిక, గడ్డానికీ ముక్కుకూ వడిసెల ఆకారంలో ఉండే గోఫణ... ఇలా ఒంట్లో ఒక్కో చోటుకి ఒక్కో ఆకారం. అంతకన్నా ముచ్చటైన సంగతి, ఎక్కడ ఎంత బిగువుండాలో కూడా చెప్పాడు. గట్టిగా కట్టేవి గాఢ, మధ్యరకం సమ, వదులుగా ఉండేవి శిథిల. కళ్లకూ కీళ్లకూ వదులు కట్టే కట్టాలన్నాడు. మనమేమో కట్టు అనగానే బిగించడమే అనుకుంటాం.

జిగురు పట్టీతో గాజుగుడ్డను కలిపేసిన మొనగాడు మాత్రం అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఉద్యోగి ఎర్ల్ డిక్సన్. కొత్తగా పెళ్లయింది. భార్యకు వంట చేస్తూ ఊరికే వేళ్లు తెగేవి. తెగినప్పుడల్లా కట్టుకున్న గుడ్డ ఊడిపోయేది. 1920లో ఆయన ప్లాస్టరు పట్టీ మధ్యలో వరుసగా గాజుగుడ్డ ముక్కలు పెట్టి సిద్ధంగా ఉంచాడు. కావలసినంత కత్తిరించుకుని ఆమె తన వేలికి తనే వేసుకునేది. అదే బ్యాండ్ ఎయిడ్. తెగిన వేలికి ఒకటి రెండు రోజులు వేసుకోవడానికి దాన్ని మించింది లేదు. చిక్కల్లా చిన్న వేలికి సరిపోయిన ఆ ఆలోచననే నెలల తరబడి మానాల్సిన పెద్ద గాయానికీ మనం వాడెయ్యడంలో ఉంది. అంటించడం, పీకడం. మళ్లీ అంటించడం, మళ్లీ పీకడం.

తెనాలి కథలోకి వస్తే, నాలుగో రోజు ఆ పాత ప్లాస్టర్లు తీసి కొత్తవి వెయ్యాల్సి వచ్చింది. తియ్యడానికీ ఓ పద్ధతి ఉందని సిస్టరు గారు దగ్గరుండి చూపించారు. కోడలు ఇన్నాళ్లూ 'త్వరగా లాగేస్తే త్వరగా అయిపోతుంది' అనుకుని ఒక్క గుంజు గుంజేది. అది పొరపాటు. ప్లాస్టరును పైకి ఎత్తి లాగకూడదు. అంచు దగ్గర ఓ చుక్క కొబ్బరినూనె రాసి, కాసేపు ఆగి, ప్లాస్టరును దాని మీదికే వెనక్కి మడుస్తూ, చర్మానికి సమాంతరంగా, వెంట్రుకలు వాలిన వైపుకి మెల్లగా తియ్యాలి. రెండో చేతి వేళ్లతో అప్పుడే ఊడిన చోట చర్మాన్ని అదిమి పట్టుకుంటూ పోవాలి. ప్లాస్టరు చర్మం నుంచి వదలడం కాదు, చర్మమే ప్లాస్టరు నుంచి వదులుతున్నట్టు ఉండాలి. ఆ తర్వాత నూనె జిడ్డు పోయేట్టు తుడవకపోతే కొత్తది అంటుకోదు. నూనె గాయంలోకి మాత్రం పోకూడదు. మొత్తం రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది. పెద్దావిడ ఒక్కసారి కూడా అమ్మో అనలేదు. ''అయిపోయిందా?'' అని మాత్రం అడిగింది.

కొడుకు పశ్చాత్తాపమో ఏమో, గుంటూరులో సర్జికల్ షాపులన్నీ తిరిగి రకరకాల వస్తువులు మోసుకొచ్చాడు. రెడీమేడ్ బొందు పట్టీలు ఒక చోట దొరికాయి. పొట్ట చుట్టూ వేసుకునే వెడల్పాటి సాగే బెల్టు ఒకటి తెచ్చాడు. ఇంకా తెల్లటి వలలాంటిది ఒక చుట్ట. దాన్ని చూసి మనవరాలు పగలబడి నవ్వింది. పండ్ల బండి మీద యాపిల్ పండుకి తొడుగుతారే, అచ్చం అలాగే ఉంది! అది సాగే వల బ్యాండేజి. వేలికి సరిపోయే సన్నటి సైజు నుంచి నడుముకు పట్టే పెద్ద సైజు దాకా ఉంటాయి. కావలసినంత కత్తిరించి తొడుక్కోవడమే. జిగురు లేదు, ముడి లేదు. కింద గాజుగుడ్డ కదలకుండా ఉంటుంది, కంతలుంటాయి కాబట్టి గాలీ ఆడుతుంది. మురికైతే పారేసి ఇంకో ముక్క. చేతులకూ కాళ్లకూ తలకూ ఇది చాలా సుఖం. పెద్దావిడ పొట్టకు మాత్రం కూర్చున్నప్పుడల్లా చుట్టుకుపోయి తాడులా అయ్యేది. దాంతో ఆ చుట్ట మరో చోటికి వెళ్లింది. వాళ్ల వాటాకు ఎదురుగా ఉండే ఆటో నడిపే అతనికి.

అతనిదీ షుగరే. మడమ పైన పుండు. భార్య రోజూ బ్యాండేజి చుట్ట పెట్టి, నడిచేటప్పుడు జారకూడదని గట్టిగా బిగించి కట్టేది. ప్రేమే, కాదనలేం. కానీ సిస్టరు గారు చూసేసరికి కాలివేళ్లు ఉబ్బి ఉన్నాయి. ''నొప్పి లేదా?'' అంటే ''అస్సల్లేదండీ'' అన్నాడు సంతోషంగా. అదే భయపడాల్సిన సంగతి. ఏళ్లుగా షుగరున్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. బిగువు ఎక్కువైందని చెప్పాల్సిన నొప్పే చెప్పడం మానేస్తుంది. అందుకే కట్టు కట్టాక వేళ్లు చూడాలి. రంగు మారిందా, చల్లబడ్డాయా, ఉబ్బాయా అని. గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోట వెంటనే మళ్లీ ఎర్రబడాలి. వల తొడుగు అయినా అంతే, సైజు చిన్నదైతే ఒంటి మీద గీతలు పడతాయి. ఆ గీతలు కనిపిస్తే పెద్ద సైజు వెయ్యాలి. పాదం మీద పుండును అసలు ఇంటి వైద్యానికి వదలకూడదు. అతన్ని మర్నాడే డాక్టరు దగ్గరికి పంపారు సిస్టరు గారు.

ఈలోగా ఇక్కడ కొత్త పేచీ మొదలైంది. ఓ ఆదివారం కోడలు పెరట్లోకి వెళ్తే, తీగ మీద మనవరాలి స్కూలు రిబ్బన్ల పక్కన నాలుగు తెల్ల బొందులు వరసగా ఆరుతున్నాయి. పెద్దావిడ మెల్లగా లేచి వాటిని సబ్బుతో ఉతికి ఆరేసింది!

''పారేసేవి అవి అత్తయ్యా!''

''బంగారంలాంటి బొందులు. ఒక్క మరక పడితే పారేస్తారటే? మీకు డబ్బులు ఎక్కువయ్యాయి.''

పాత చీర చింపి బొంతలు కుట్టిన తరం. గోధుమపిండి సంచి కూడా ఉతికి తువ్వాలు చేసిన చేతులు. వాడి పారెయ్యడం అనే మాటే వాళ్లకు చేదు. ఆ మాటకొస్తే ఆవిడ మాటలో పూర్తిగా తప్పూ లేదు. గాయాన్ని తాకకుండా పైన మాత్రమే ఉండే పొట్ట బెల్టును వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి మళ్లీ వాడుకోవచ్చు. సిస్టరు గారూ అదే అన్నారు. కానీ గాయం రసి అంటిన బొందు సంగతి వేరు. దాని పోగుల్లో క్రిములు దాక్కుంటాయి. అదే బొందును రేపు ముడి వేసిన వేళ్లతోనే గాజుగుడ్డ పట్టుకుంటాం. అందులోనూ ఒకసారి చీము పట్టిన గాయం. ''మామ్మగారూ, దాచుకోవడానికి ఇదేమన్నా పెళ్లి పట్టుచీరా?'' అని సిస్టరు గారు అన్నాక, ఆ నాలుగు బొందులూ చెత్తబుట్టకు వెళ్లాయి. అదీ అలా ఊరికే కాదు. ఆస్పత్రిలోనైతే రక్తమూ రసీ అంటిన కట్లన్నీ పసుపు రంగు సంచిలో వేరుగా పోతాయి. ఇంట్లో కనీసం కాగితంలో చుట్టి, విడిగా కవర్లో మూతి కట్టి ఇవ్వాలి. మున్సిపాలిటీ బండి మీద వచ్చే అమ్మాయి వట్టి చేతులతో చెత్త వేరు చేస్తుంటుంది. ఆ చేతులకీ చర్మమే ఉంటుంది.

వారాలు గడిచాయి. పొట్ట మీద పిల్ల గాయాలు ముందు మానాయి, వాటి గుర్తుగా లేత గులాబీ మచ్చలు మిగిలాయి. అసలు గాయం వేలి కణుపు లోతు నుంచి గోరు లోతుకు వచ్చింది. రెండు పూటల కట్టు ఒక పూటకు తగ్గింది. కొడుకు ఇప్పుడు గదిలోకి వస్తున్నాడు. గాయం వైపు చూడకుండా తల తిప్పుకునే, ప్యాడు పెట్టాక పువ్వు ముడి వేసే పని మాత్రం తనది అన్నాడు. మొదట్లో ఒకటి రెండుసార్లు పీటముడి పడి కత్తెర కావాల్సి వచ్చింది.

మొన్నో సాయంత్రం కోడలు స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దుతూ ఆలస్యమైపోయింది. ఏడు దాటింది. హడావుడిగా చేతులు కడుక్కుని, పళ్లెం పట్టుకుని గదిలోకి వచ్చి ఆగిపోయింది. టీవీ ఆపి ఉంది. పెద్దావిడ మంచం మీద రెండు దిండ్లు ఆనుకుని కూర్చుంది. పక్కన సబ్బు పెట్టె, తడి తువ్వాలు. పొట్ట మీద నాలుగు బొందులూ విప్పి, ఆ పక్కా ఈ పక్కా చక్కగా పరిచి ఉన్నాయి.

''చేతులు కడుక్కున్నాకే విప్పాలే'' అంది. ''ప్యాడు తియ్యలేదు. అది నువ్వు తియ్యి. అన్నం తిన్నావా ముందు?''